ఆరోగ్యవంతుల వరుసలో నీ గొట్టం

బావా,

ఫోన్లో పంపితే అక్క చూస్తుందని కాగితం మీద రాస్తున్నాను. నోటి క్యాన్సర్‌ని ముందే పట్టించే ప్రొటీన్ల కోసం మా ల్యాబులో లాలాజలం పరీక్షిస్తున్నాం కదా. రోగులదానితో పోల్చడానికి ఆరోగ్యవంతులదీ కావాలంటే, ఊరంతా వెతకడం దేనికని నిన్నే గొట్టంలో ఉమ్మమన్నాను. "పొగాకు అలవాటు లేదని రాసుకో" అన్నావు. బావవి కదా, నమ్మేశాను.

నీ గొట్టంలో ఆ ప్రొటీన్లు రోగులకున్నంత ఉన్నాయి. "ఎక్కడో తారుమారైంది, పారెయ్" అన్నారు మా మేడమ్. చేతులు రాక మళ్లీ పరీక్ష చేశాను. అంతే వచ్చింది.

కంగారుపడకు అని రాసి కొట్టేశాను, పడుతున్నది నేనే కాబట్టి. ప్రొటీన్లు పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. నోట్లోంచి చిన్న ముక్క తీసి చూస్తేగానీ తేలదు. చెంప లోపల తెల్లమచ్చ ఏమైనా ఉందా? కారం తగిలితే మండుతోందా? అక్కడ ఏం దాచి నములుతున్నావో నాకు చెప్పక్కర్లేదు, డాక్టరుకి చెప్పు. సోమవారం పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గర ఉంటాను. రా.

ఈమధ్య కూరల్లో కారం వద్దంటున్నావట. తన వంట నీకు మొహం మొత్తిందని అక్క తెగ బాధపడుతోంది. కారణం అదే కావాలని నిన్నటి నుంచి నేను కోరుకుంటున్నాను.

నీ మరదలు