పోపు లేని ఇల్లు

వేణన్నా,

నీ కొత్తింట్లో పాలు ఆడబిడ్డే పొంగించాలని వదిన ఫోన్‌లో పట్టుబట్టింది. నేను రాలేను, బండి పంపకు. నేను గడప దాటితే అత్తమ్మ మీ బావ నోట్లో ఏదో ఒకటి పెట్టేస్తుంది.

చెరుకు ట్రాక్టర్ మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి ఆయనకు మింగడం రావడం లేదు. డాక్టర్ రాసిన ప్రోటీన్ పొడి కలిపి ముక్కు గొట్టంలో పోస్తున్నాను. "గీ పొడి నీళ్లతోని నా కొడుకు ఎట్ల లేస్తడే?" అంటుంది అత్తమ్మ. మొన్న నేను స్నానానికి పోయినప్పుడు చెంచాతో జొన్న గట్క పెట్టింది. అది ఊపిరితిత్తుల్లోకి పోయి, మళ్లీ నిజామాబాద్ ఆస్పత్రిలో పడ్డాం. ఆమెను తిట్టలేకపోయాను. "వాడే నోరు తెరిసిండు బిడ్డా" అని ఏడ్చింది.

నిజంగానే తెరుస్తాడన్నా. పోపు వాసన వస్తే చాలు. అందుకే ఇంట్లో పోపు పెట్టడం మానేశాం. పళ్లెం కనిపిస్తే కళ్లు దాని వెంటే తిరుగుతాయి. నేను స్నానాల గదిలో తలుపేసుకుని, నిలబడి చల్లన్నం తింటున్నాను. నువ్వు గృహప్రవేశం నాటి తీపి పోలెలు కూడా పంపకు.

నిన్న డాక్టర్ ఇంటికి వచ్చి చూశాడు. ఆయనకు కాస్త ఒళ్లు వచ్చిందని సంతోషపడ్డాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గూడ మంచిగ తినాలె గదమ్మా" అన్నాడు.

ఎక్కడ కూర్చుని తినాలో అడుగుదామని నోరు తెరిచాను. మంచం మీద ఆయన కూడా తెరిచాడు.

నీ చెల్లె