కవిత పాటలో నా కేక

ఆదివారం, రాత్రి

నా బిడ్డ కవిత రాక్ పాట ఇవాళ పూర్తయింది. వారమంతా బడిలో పాఠాలు చెప్పి దాని గొంతు బొంగురుపోయింది. పాట చివర పెద్ద కేక వేయాలి, అది ఎంతకూ రాలేదు. ఇవాళ కాకుంటే పరీక్షలయ్యేదాకా దానికి తీరిక లేదు.

"అవ్వా, నువ్వే ఒర్రు," అంది.

"నేనా? భజనల నా గొంతు పక్కామెకే ఇనవడది బిడ్డా!"

చంకలోని మనుమణ్ణి దించి, పాట రికార్డు చేయడానికి గోడలకు బొంతలు కట్టిన గదిలో కళ్లు మూసుకుని అరిచాను. అల్లుడు గిటార్ ఆపేసి నోరు తెరిచాడు. పక్కింటి వదిన చీపురుతో ఉరికొచ్చింది.

"ఏమైంది వదినా, పామొచ్చిందా?"

"పాము గాదత్తమ్మా, పాట!" కవిత నన్ను వాటేసుకుంది. "గిదే గావాలె నాకు!"

శనివారం భజనలో అందరూ ఆ కేక నీదేనా అని అడిగితే ఏం చెప్పాలో... భజనలో లేవని గొంతు ఈ పాటకు లేచినందుకు క్షమించమని దేవుణ్ణి అడగబోయాను. నవ్వొచ్చింది. దండం పెట్టి వచ్చేశాను.