గోధుమరంగు దేవదూత

ఆగస్టు తొమ్మిది, ఆదివారం సాయంత్రం

ప్రభువునందు ప్రియమైన చెల్లికి, పోట్లాడి పోట్లాడి అలిసిన అన్న వందనాలు.

బావగారి నడుంనొప్పి తగ్గిందా? నాకు వారమంతా టైర్ల దుకాణంలో జాకీ ఎత్తడం, ఆదివారం మందిరంలో గొంతు ఎత్తడం, రెండూ ఒకే బరువుగా ఉంటున్నాయి. ఎదురుగా కూర్చుంటే కేకలు వేస్తానని నీకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

పిల్లల తరగతిలో గుడ్డబొమ్మలు కత్తిరించి, బోర్డుకు అంటించి కథ చెబుతాను కదా. దేవదూతలకు తెల్లగుడ్డ, గాడిదకూ చెట్టు మొదళ్లకూ గోధుమరంగు గుడ్డ, అదే అలవాటు. పోయిన నెల నీ కూతురు బోర్డు దగ్గరికి వచ్చి, గాడిద పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుని, మావయ్యా, నా రంగు గుడ్డ ఇంక దేనికీ పనికిరాదా అని అడిగింది. వెనక పిల్లలు గాడిదా గాడిదా అని ఇకిలించారు. తను నవ్వలేదు, ఏడవలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

మరుసటి వారం దేవదూతను ఆ గుడ్డతోనే చేశాను. ఉంగరాల జుట్టు ఆడపిల్ల. రాజు కోటకు వార్త మోసుకెళ్లే కథ కట్టాను. కాపలావాడు నీలాంటిది దూత ఏమిటి, వంటింట్లోకి పో అంటాడు. ఆమె, వార్త నన్ను పంపినవాడిది, పక్కకు జరుగు అంటుంది. ఆ మాట నీ కూతురు పలికితే కిటికీ అద్దాలు అదిరాయి.

ఇవాళ సంఘ పెద్దలు నన్ను పిలిపించారు. ఆడపిల్ల దూతా, అందులోనూ ఆ రంగా, పిల్లలు జడుసుకుంటారయ్యా అన్నాడు కోశాధికారి. బైబిలు తెరిచి, ప్రజలకు తీర్పు తీర్చిన స్త్రీని చూపించాను. ఆమె తోడు రానిదే యుద్ధానికి కదలనన్న సేనాధిపతినీ చూపించాను. దూతలు వెలుగులాంటివాళ్లని ఆయన, ఆ వెలుగుకు చర్మం రంగు ఎక్కడ రాసి ఉందో చూపమని నేను. బల్ల కూడా చరిచాను. చివరికి తేల్చింది ఒకటే. వచ్చే ఆదివారం తెల్లదూత, లేదంటే తరగతి ఇంకొకరికి.

అలిసిపోయాను చెల్లీ. లోపల నిప్పు ఆరలేదు గాని, ఊదే ఓపిక తగ్గింది. తరగతి పోతే నాకు ఒక పూట విశ్రాంతి. నీ కూతురు మాత్రం మళ్లీ గాడిద పక్కకే పోతుంది. అందుకని గోధుమరంగు దూతతోనే వెళతాను. పొమ్మంటే పొమ్మననీ.

నీ ఇంటికోసం మోకరించే
అన్న

తా.క. ఈ దూత సంగతి పెద్దలకు చెప్పింది నువ్వేనని కోశాధికారి నోరు జారాడు. కోపం లేదు. బడి నాటకంలో రంగు చూసి నిన్ను తెర లాగడానికే నిలబెట్టినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆశపెట్టి పిల్లను ఎక్కడ పడేస్తానోనని నీ భయం. ఇవాళ తరగతి అయ్యాక నీ కూతురు, దూత బయలుదేరేటప్పుడు వాళ్లమ్మ ఏమంది మావయ్యా అని అడిగింది. మీ అమ్మనే అడగమన్నాను. ఈ ఉత్తరం అందేలోపు అడిగే ఉంటుంది. నువ్వేమన్నావో తనే వచ్చి చెబుతుంది. ఆదివారం కథలో అదే పెడతాను.