ఖాసిం సాబ్ వాకిట్ల ముగ్గు

సూర్యాపేట, కొత్తబస్తీ
14 నవంబరు 1948

ప్రేమగల చెల్లె శాంతమ్మకు,

నేనూ మీ బావా ప్రాణాలతోటి ఉన్నం. ప్రభువు దయ అని రాయాలె, రాస్తున్న. గింతకన్న ఎక్కువ చెప్పుకునే రోజులు కావు ఇవి.

నీ ఉత్తరం అందింది. కోదాడల మీ కిరాయి ఇల్లు కురుస్తున్నదని, సూర్యాపేటల ఇండ్లు అగ్గువకు పోతున్నయని ఎవరో చెప్పిండ్రని, ధరలెట్లున్నయో, మా బస్తీ ఎట్లుంటదో ఇవరంగ రాయమని అడిగినవ్. ఎవరు చెప్పిండ్రోగాని నిజమే చెప్పిండ్రు. నిరుడు వెయ్యి హాలీ రూపాయలు పలికిన గూనపెంకల ఇల్లు ఇయ్యాల మూడొందలకు ఇస్తమంటే, కొనెటోళ్లు జర ఆగుదం, ఇంకా దిగుతది అంటున్నరు. మీ బావ మేస్త్రి గాబట్టి రోజుకొకరు పిలుసుకపోయి గోడలు తట్టించి ధర కట్టమంటున్నరు. పొద్దంత ఊరోళ్ల ఇండ్లకు ధర కట్టి, మాపటికి కిరాయి ఇంటికి వచ్చి పంటడు.

బస్తీ మంచిదే. ఊరి బయట, బెజవాడ రోడ్డు పక్కన. చెయ్యెత్తితే బస్సు ఆగుతది. చేదబావి నీళ్లు తియ్యగుంటయి, మా బోటోళ్లను గూడ చేదుకోనిస్తరు, అది ఊర్ల లేదు. అంగడికి నడిస్తే పావుగంట. సెలవునాడు పిల్లలమర్రి గుళ్ల రాతిపని చూడనీకి మీ బావ నన్ను తీస్కపోతుండె. దురాజ్‌పల్లి జాతరకు పోయే బండ్లు మా ముంగటి నుంచే పోతయి, కూసున్నకాడినుంచే జాతర సగం చూడొచ్చు. డేరా సినిమా గూడ ఒకసారొచ్చింది. ఇప్పుడైతే చూడనీకి తాళాలున్నయి. మా వరుసల పదకొండు ఇండ్లకు ఆరు తాళాలు.

మా ఇంటాయన దర్జీ ఖాసిం సాబ్ నీకు గుర్తుండాలె. ముంగటి పెద్దిల్లు వాళ్లది, వెనుక రెండర్రలు మేముండేటియి. పదేండ్ల కింద ఊరంతా తిరిగితే కులమడిగి తలుపులేసుకున్నరు. ఖాసిం సాబ్ ఒక్కడే కులం అడగలే, ఎంతమంది ఉంటరని అడిగిండు. అసుంటి మనిషి రజాకార్లకు బట్టలు కుట్టిండని ఇప్పుడు నింద. తుపాకి పట్టుకొని వచ్చి కుట్టమంటే కుట్టక ఏం జేస్తడు? మిల్ట్రీ వచ్చినంక ఆయన పేరు నలుగురి నోట్ల పడ్డది. ఒకనాటి మధ్యాహ్నం పొయ్యి మీద అన్నం పొయ్యి మీదనే ఉంచి, మిర్యాలగూడకు తారా అన్నగారింటికి పోయిండ్రు. తారా అంటే ఆయన భార్య, నాకన్న చిన్నది. తాళంచెవి నా చేతుల పెట్టి, "పంతులమ్మా, నువ్వున్నంత కాలం మా ఇల్లు ఉన్నట్టే" అన్నది. ఉత్తరం రాయకు, ఆ చిరునామా పట్టుకొని ఎవరన్న వస్తరు, నిమ్మళమైనంక మేమే వస్తమన్నది. అన్న పేరు గూడ చెప్పలే.

తాళాలేసిన ఇండ్లను మంది ఊరుకుంటలేరు శాంతా. ముందు గిన్నెలు, తర్వాత తలుపులు, ఆఖర్న దూలాలు. నాకు ఒకటే ఉపాయం తోచింది. పక్కింటి పిచ్చమ్మ దగ్గర ముగ్గు నేర్చుకున్న. బాప్తిస్మం అయినకాడినుంచి నా వాకిట్లనే ఎన్నడూ ముగ్గెయ్యని దాన్ని, రోజు తెల్లారంగనే ఖాసిం సాబ్ వాకిట్ల పేడనీళ్ల సాన్పు చల్లి ముగ్గేస్తున్న. గడపకు ఎర్రమన్ను జాజు పూసి సున్నపు బొట్లు పెట్టిన. పోయిన సోమవారం గడ్డపారలు పట్టుకొని పదిమంది వచ్చిండ్రు. వాకిలి చూసిండ్రు, ఇది మనోళ్లదే అనుకుంట ముందటికి పోయిండ్రు. అవతల తాళమేసిన ఇల్లు పగలగొట్టిండ్రు. పాస్టరుగారు నన్ను పిలిసి నువ్వు చేసేది ఏందని కోపం చేసిండు. నేను తల వంచుకొని విన్న, తెల్లారి మళ్ల ఏసిన.

అందుకని ఆ ఇంటి మీద మాత్రం నువ్వు ఆశ పెట్టుకోకు. మరిది పెంటయ్యకు గూడ చెప్పు.

నీ అక్క,
సువార్తమ్మ

సూర్యాపేట
20 డిసెంబరు 1948

నా తల్లి శాంతమ్మా,

ఈ ఉత్తరం చదివి పొయ్యిల పెట్టు. మరిదికి చూపియ్యకు. ఎవరికన్న చెప్పకపోతే నా ఛాతి పగిలేటట్టున్నది, మీ బావకు చెప్పలేను.

ధర రెండొందలకు దిగింది. ఇండ్ల బేరాలు కుదిర్చే తులసీరాం లేడూ, వాడు మా ఇంటి సుట్టు తిరుగుతున్నడు. పోయినోళ్లు ఏడున్నరో చెప్పు, నేనే కాయితం రాయించుకుంట అంటడు. తెల్వదన్న. మీ బావ మాత్రం ఆ మాట పట్టుకున్నడు. మన దగ్గర రెండొందలున్నయి, వేరేటోడు కొంటే మనల్ని ఒక్క దినం ఉండనియ్యడు, మిర్యాలగూడ పోయి ఎతుకుదాం అన్నడు. నేను గయ్యిమన్న. ఆపదల ఉన్నోళ్ల ఇల్లు అగ్గువకు గుంజుకుంటవా, వాళ్లు లేనినాడు నీకు నీడ ఎక్కడిది అన్న. పట్టణంల సగం గోడలు మీ బావ కట్టినయే, ఒక్క గోడ ఆయనది కాదు. ఆ సంగతి తెలిసీ గట్లన్న.

అంత మాట అన్ననా? అన్నంక ఏమైందో విను. రోజు ఊడ్వనీకి తాళం తీసి లోపలికి పోత. ఒకనాడు ఊడిసినంక వంటర్రల కూసున్న. కిటికిల నుంచి ఎండ వచ్చి నేల మీద పడ్డది. నా పొయ్యి ఇటు జరిపితే బాగుంటది అనుకున్న. బియ్యం కుండ ఆ మూలకు, బడి పుస్తకాలు గూట్లె. తారా కుట్టు మిషిని మీద గుడ్డ కప్పి పోయింది, దాన్ని గూడ మనసుల ఏడికో జరిపిన. మర్నాడు గూడ కూసున్న. మూడోనాడు, వాళ్లు రాకుంటే బాగుండని అనుకున్న శాంతా. నోటితోని అనలే గని అనుకున్న. తారా పిల్లకు మశూచి వస్తే పదకొండు దినాలు పక్కన కూసున్న దాన్నే, గిట్ల అనుకున్న.

ఇంకొక సంగతి. పది దినాల కింద తెల్లారంగ ముగ్గేస్తుంటే బావి కాడ ఝట్కా బండి ఆగిన సప్పుడైంది. మొకం కనబడితే క్రిస్టియను పంతులమ్మ ముగ్గేస్తున్నదని ఎవరన్న గుర్తుపడతరు, ఇన్ని దినాల ఉపాయం ఖతమైతదని కొంగు తల మీదికి గుంజుకొని ఇంకా వంగిన. ఆ బండి శానసేపు ఆగింది. నేను తిరిగి చూడలే. తర్వాత మళ్లి పోయింది. తులసీరాం మనుషులే అయ్యుంటరు. అయినా ఆ సప్పుడు నన్ను ఇడుస్తలేదు.

ప్రార్థన చేస్త కూసుంటే మాటలు వస్తలేవు. నువ్వన్న నా కోసం చెయ్యి.

నీ పాపిష్టి అక్క,
సువార్తమ్మ

సూర్యాపేట
9 ఫిబ్రవరి 1949

శాంతమ్మా, నా చెల్లె,

అయిపోయింది. ఉన్నదున్నట్టు రాస్త, మధ్యల ఏడుపు వస్తే ఆపి మళ్ల రాస్త.

పోయిన బుధవారం తులసీరాం కాయితం పట్టుకొని వచ్చి, ఖాసిం ఇల్లు నాకమ్మిండు, తాళం తియ్యి అన్నడు. అబద్ధమనుకున్న. కాయితం మీద ఉర్దూల దస్కతు, ఖాసిం సాబ్‌దే, కిరాయి రశీదుల మీద పదేండ్లు చూసిన. నూటయాభైకి అమ్మిండు. నూటయాభైకి ఆ తలుపులు గూడ రావు. వాడికి ఆచూకీ ఎట్ల దొరికిందని అడిగితే, నేను పోలే, ఆయనే మనిషిని పంపిండు అని నవ్విండు. ఎవరో అప్పటికే ఆక్రమించుకున్న ఇంటికి ఎంత వస్తే అంత అన్నడట. కాయితంల తారా వాళ్లన్న పేరు, గల్లీ పేరు ఉన్నయి. మీ బావ బస్సు కిరాయి నా చేతుల పెట్టిండు.

మిర్యాలగూడల ఎతికి ఎతికి పోయిన. ఒక చిన్న అర్రల ఆరుగురు ఉన్నరు. ఖాసిం సాబ్ గోడ దిక్కు మొకం పెట్టి పండుకొని ఉన్నడు, చేతిసూదితోని ఏదో కుడుతుండెనట, చూపు ఆనక పక్కన పెట్టిండు. తారా నన్ను గడపల చూసి కదలలే. దయ్యాన్ని చూసినట్టు చూసింది. తర్వాత వచ్చి నా మొకం రెండు చేతులతోని తడిమింది, భుజాలు తడిమింది. బతికే ఉన్నవా అన్నది. నేను ఏడికి పోయిన అని అడిగిన.

అప్పుడు చెప్పింది. డిసెంబరుల ఖాసిం సాబ్ ధైర్యం చేసి, ఝట్కా మాట్లాడుకొని, తెల్లారేసరికి బావి దాక వచ్చిండట. ఇల్లు చూసుకొని, నాతోని మాట్లాడి, అంతా నిమ్మళమైతే పెండ్లాం పిల్లల్ని తీస్కపోదామని. చూస్తే వాకిట్ల ముగ్గు, గడపకు జాజు, ఎవరో ఆడామె తల మీద కొంగేసుకొని ముగ్గేస్తున్నది. కిందికి దిగలే. అటే మళ్లి పోయిండు.

"దగ్గరికి వచ్చి నన్ను పిలిస్తే అయిపోతుండె గద తారా" అన్న.

"నువ్వుంటే ఆ వాకిట్ల ముగ్గు ఉండదు గద పంతులమ్మా" అన్నది. "ఇల్లు పోయిందని ఏడ్వలే నేను. నిన్నూ మేస్త్రి అన్ననూ కొట్టి ఎల్లగొట్టిండ్రు, లేకుంటే సంపిండ్రు, అందుకే మా ఇంట్ల ఎవరో ఉన్నరు అనుకొని ఏడ్సిన."

శాంతా, వాళ్లు నన్ను అనుమానపడి పోయినా బాగుండు. సువార్తమ్మ ఇల్లు మింగింది అని తిట్టుకుంట పోయినా నేను ఓర్సుకుందును. నన్ను నమ్మి పోయిండ్రు. నేను ముగ్గెయ్యననే నమ్మకం మీద ఇల్లు ఒదులుకున్నరు. ఆ ముగ్గేసింది నేనే అని చెప్పిన. ఎందుకేసిన్నో చెప్పిన. వంటర్రల కూసొని ఏం కోరుకున్ననో అది గూడ చెప్పిన, దాసుకోలే. ఖాసిం సాబ్ గోడ దిక్కునే ఉండి, పంతులమ్మకు చాయ్ పెట్టు అన్నడు. ఆ చాయ్ నేను ఎట్ల తాగిన్నో నాకే తెల్వదు. చెవి తీసి ఇచ్చిన. తులసీరాం అప్పటికే తాళం మార్చిండు, ఆ చెవి ఇప్పుడు దేనికీ పట్టదు. అయినా తారా దాన్ని కొంగుకు ముడేసుకున్నది.

తిరిగొచ్చినంక మీ బావకు నేనే చెప్పిన, ఆనాడు నీ మాట విని మిర్యాలగూడ పోయి ఎతికినా ఇంత కాకపోవు అని. కొనకపోయినా, మేము బతికున్నమని వాళ్లకు తెలుస్తుండె. ఆయన ఒకటే మాటన్నడు. "ఇగ ఊకో సువార్తా, నువ్వు కాపాడాలనే చేసినవ్." కాపాడిన ఇంటికి ఒక్క పెంక పగలలే, ఒక్క తలుపు పోలే. తులసీరాం అదే మెచ్చుకున్నడు.

ఇయ్యాల పొద్దుగాల అలవాటుకొద్ది ముగ్గు గిన్నె పట్టుకొని బయటికి వచ్చిన. తులసీరాం కోడలు అప్పటికే ఏసింది, నాకన్న మంచిగేసింది. గిన్నె కొంగు కింద దాసుకొని లోపలికి వచ్చిన. నెల ఆఖరుకు వెనుక అర్రలు ఖాళీ చెయ్యమన్నరు. మా కులపోళ్లు ఉంటే ముంగటి ఇంటికి మంచి కిరాయిదార్లు రారట.

మొన్న నువ్వు నన్ను ఇండ్ల సంగతి అడిగినవ్. ఇప్పుడు నేను నిన్ను అడుగుతున్న. కోదాడల మా అసుంటోళ్లకు కిరాయికిచ్చే ఇల్లు ఏదన్న ఉంటదా చూడు. కురిసినా సరే, ఊరికి ఎంత దూరమైనా సరే. ఒక్క అర్ర చాలు. మేము పోయేటప్పుడు మా జాడ పిచ్చమ్మకు చెప్పి పోత. ఎవరన్న అడగనీకి వస్తే, ఉన్నమని చెప్పనీకి.

నీ అక్క,
సువార్తమ్మ