కోటు అస్తరులో పింఛను కాగితం

అక్కా, గండం గడిచింది, నేను కులాసా.

కంపెనీ పింఛను తీసుకుంటే, చెయ్యి పోయినందుకిచ్చే భత్యం ఆపేస్తారని హడలిపోయి, పింఛను కాగితాన్ని కోటు అస్తరులో పెట్టి ఒంటిచేత్తోనే మిషను మీద కుట్టేశాను. దర్జీబుద్ధి ఎక్కడికి పోతుంది! నిన్న భత్యం ఆఫీసులో గుమాస్తా అమ్మాయి సరిగ్గా ఆ కాగితమే అడిగింది. కుట్లు విప్పలేక నేను తంటాలు పడుతుంటే తనే కత్తెర తెచ్చి, కోటు పట్టుకుంది.

"ఇదెందుకు దాచారు బాబాయ్? భత్యం మీ చెయ్యి పోయినందుకు, పింఛను మీరు పనిచేసినందుకు. దేని దారి దానిదే" అంది.

నల్లదారం ఉండ ఒకటి పంపు, అస్తరు కుట్టుకోవాలి. బావ దగ్గు తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

నెలనెలా నాకు పంపే డబ్బు ఇక ఆపెయ్. దాంతో పళ్లు కట్టించుకో. నేనొచ్చేసరికి నువ్వు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాలి.

నీ తమ్ముడు