గోడ మీద చిన్నతల్లి

నౌపడ, ఏప్రిల్ 9

చిరంజీవి ఝాన్సీకి మేనమామ ఆశీస్సులు.

ఫోన్లో తిడితే పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టాను.

విజయనగరంలో నీ ఫొటోల ప్రదర్శన చూసొచ్చాను. గుమ్మం దాటగానే ఎదురుగా చిన్నతల్లి! మా ఉప్పు మడుల పక్కన గుడిసె వేసుకుని, వానలు పడగానే వరి నాట్లకు వేరే ఊళ్లకు పోయే మనిషి. చిరిగిన చీర, ఉప్పునీటికి పగిలిన అరికాళ్లు. వాటి ముందు బూట్లవాళ్లు టీ తాగుతున్నారు. ద్రౌపదిని సభకు ఈడ్చినవాడు ఒక్కడే, పాపం మాత్రం చూస్తూ కూర్చున్న పెద్దలందరికీ అంటింది. వ్యాసుడు ఊరికే రాశాడా? ఆ ఫొటో దించు. దించకపోతే నేను రోజూ భారతం చెప్పే పందిట్లో ఈ సంగతి నీ పేరు పెట్టే చాటుతాను.

నీ మేలు కోరే కోపిష్టి,
జగన్నాధం

విజయనగరం, ఏప్రిల్ 15

ప్రియమైన మావయ్యా,

గోడకు పెడతానని చిన్నతల్లికి చెప్పే తీశాను. "ఎట్టుకో, నాకేటి పోతాది" అని నవ్వింది. అది ఒప్పుకోవడమో, పని మధ్యలో నన్ను వదిలించుకోవడమో నాకే తెలియదు. నాలుగేళ్లు వలస కూలీల వెంట తిరిగాను. తీసినవాటిలో అంత నిజమైన ఫొటో ఇంకొకటి లేదు. అయినా మీ ఉత్తరం చదివాక దాని ముందు నిలబడలేకపోయాను. నిన్న దించేశాను. ప్రదర్శన ఆదివారంతో ఆఖరు.

మీ కోపం తగ్గితే ఒక ముక్క రాయండి.

మీ ఝాన్సీ

నౌపడ, ఆదివారం తెల్లవారుజాము

అమ్మా ఝాన్సీ,

మొన్న చిన్నతల్లి మరో ముగ్గురిని వెంటబెట్టుకుని రైలెక్కి మీ ఊరొచ్చిందట. ఆ వేళకు నువ్వు లేవట. తిరిగొచ్చి నా పందిట్లో గొల్లుమంది. దించమన్నది నేనేనని చెప్పాను.

"నువ్వా? నన్నడిగినావా పంతులు బాబూ? ఉతికిన సీరలు కట్టుకుని ఎల్లినాం. గోడకి మేకే ఉన్నాది! రేసను కార్డొక ఊల్లో, మేమొక ఊల్లో. ఎక్కడా ఉన్నట్టు నెక్క లేదు. అక్కడొక్క కాడ ఉన్నాననుకున్నాను. నా కాల్లకి నాకు లేని సిగ్గు నీకేటి?"

ఇరవై ఏళ్లుగా వల్లిస్తున్న భారతం మూసేసి, ఆమెకు ఒక రోజు సెలవడగడానికి మేస్త్రి దగ్గరకు నడిచాను.

ఈ ఉత్తరం తెచ్చింది ఆమే. ఫొటో ఎక్కడ పెట్టాలో ఆమెనే అడుగు. కింద పేరు రాయి. బదులు మనిషిని పెడితేనే సెలవన్నాడు మేస్త్రి. అందుకని ఇవాళ ఆమె మడిలో ఉప్పు లాగడానికి నేను దిగుతున్నాను. కాబట్టి తొందరపెట్టి పంపేయకు. ఆమెను తనివితీరా చూసుకోనీ.

నీ మావయ్య