సంపు దగ్గర నిలబడ్డవాడు

జూన్ 16, సోమవారం

ఈ రోజు నా గంట తీసేశారు.

కొత్తగా చేరే కాంట్రాక్టు కూలీలకు మొదటిరోజు నేను చెప్పే ఆ ఒక్క గంట సేఫ్టీ పాఠం. హిందీ మాట్లాడే ఈ ఊరి ఫ్యాక్టరీలో ఇదివరకు ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలిందో, ఎవరు ఎలా చచ్చిపోయారో... టీ కొట్టు దగ్గరా, రిటైరైనవాళ్ళ గుమ్మాల్లోనూ కూర్చుని అడిగి అడిగి పోగుచేసుకున్నది. కొత్త మేనేజర్ నవ్వుతూనే చెప్పాడు. "పురానీ బాతే ఛోడియే మేడమ్. లడ్కే డర్ జాతే హై." పాత కబుర్లు వదిలేయాలట, కుర్రాళ్ళు భయపడిపోతున్నారట.

భయపడాలనే కదా చెప్పేది. అనలేదు. తలూపి వచ్చేశాను.

జూన్ 18

గంట బదులు బొమ్మల వీడియో. హెల్మెట్ పెట్టుకున్న ఏనుగుపిల్ల గెంతుతూ వస్తుంది. నా పని బటన్ నొక్కడం.

నేను చదివింది ఎం.ఏ. హిస్టరీ. నాన్న అప్పుడే అడిగాడు — "రాజులు సచ్చిపోయిన తారీకులు బట్టీ పట్టి ఏటి సేత్తావమ్మా?" అని. రాజుల కోసం కాదు నాన్నా... అని ఇప్పుడు చెప్పాలనుంది. వినడానికి ఆయన లేడు.

జూన్ 22, ఆదివారం

చెల్లి సత్య, మరిది రమణ భోజనానికి వచ్చారు. రమణ మొన్న బుధవారం మా ఫ్యాక్టరీలోనే చేరాడు. అతనితో పాటే అతని స్నేహితుడు సింహాచలం. ఇద్దరికీ ఏనుగుపిల్లే దక్కింది. అందుకే ఇద్దర్నీ రమ్మన్నాను. బాగ్‌బేరాలో వాళ్ళింట్లో పాపకి జ్వరమట, సింహాచలం రాలేదు.

వడ్డిస్తూ చెప్పాను. వెనక షెడ్డులో మురికినీళ్ళ సంపు. నేను చేరకముందు, ఇలాంటి వానాకాలంలోనే. మడ్డి తీయడానికి ఒకడు దిగాడు. అడుగుకి చేరేలోపే కూలబడ్డాడు. పొగ లేదు, వాసన లేదు. వాణ్ణి లాగుదామని రెండోవాడు దిగాడు. వాడూ లేవలేదు. అక్కడి గాలే విషం.

"ఎవరు పడినా దిగకు రమణా. కేకలెయ్యి. గాలి కొట్టే మిషను వచ్చేదాకా ఇంకొకర్ని దిగనివ్వకు."

"వదినా, కూడు కాడ కూడా నీ హిస్టరీయేనా?"

"ఒట్టెయ్యి."

"ఒట్టేలే. పులుసు ఇంకాస్త ఎయ్యి."

సత్య విసుక్కుంది. "శుభమా అని పన్లో సేరితే సావు కబుర్లేటి అప్పా?"

జూలై 2

వాన. సంపు నిండింది. వెంటనే ఖాళీ చేయించమని మేనేజర్ కేకలు. వీడియోలో సంపు లేదు, చూశాను. మెట్లమీద పరిగెత్తకూడదని మాత్రం ఉంది.

జూలై 4

సింహాచలం పోయాడు.

జూలై 5

రాయాలి. నేను రాయకపోతే ఇదీ పోతుంది.

నీళ్ళు తోడేశాక మడ్డి తీయమన్నారు. సింహాచలం దిగాడు. సగం నిచ్చెనలో ఆగి "రమణా" అన్నాడట. ఒక్కసారే. పడిపోయాడు. రమణ ఒక కాలు లోపల పెట్టాడు. మళ్ళీ పైకి తీసేశాడు. పక్కనున్న ఇద్దరు దిగబోతే చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. ఒకడు అతని మొహం మీద కొట్టాడు. అయినా జరగలేదు. అరుస్తూనే ఉన్నాడు, మిషను తెండి, మిషను తెండి అని. అది వచ్చేసరికి...

పైకి తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఒక కాలికి చెప్పు లేదు.

ఇంకో ముగ్గురు పోవలసినవాళ్ళు. పోలేదు. ఈ మాట ఎవరితో అనను? చావనివాళ్ళు ఎవరికీ కనబడరు. పక్కన కూర్చుని టీ తాగుతున్నా కనబడరు.

జూలై 6

బాగ్‌బేరా వెళ్ళాను. గుమ్మం ముందు జనం, వెనక రైలు షంటింగ్ చప్పుడు. సింహాచలం అన్న రమణ కాలర్ పట్టుకున్నాడు. "సూత్తా నిలబడ్డావురా! నువ్వేం దోస్తువిరా?" రమణ విడిపించుకోలేదు. కళ్ళు కూడా ఎత్తలేదు.

చెప్పబోయాను. అతను నిలబడబట్టే... అని నోరు తెరిచాను. గోడకి చేరగిలబడి సింహాచలం భార్య నూకరత్నం నన్నే చూస్తోంది. ఒళ్ళో పాప. నోరు మూసుకున్నాను.

జూలై 9

సత్య వచ్చి తీసుకెళ్ళింది. "నువ్వైనా సెప్పప్పా. ముద్ద దిగట్లేదు ఆయనకి."

రమణ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను వచ్చానని తెలిసినా తిరగలేదు.

"నీ కత ఇనకపోయుంటే దిగీసీవోణ్ణి వదినా."

"దిగుంటే నువ్వూ..."

"పోతే పోయీవోణ్ణి. ఆడు నన్ను పిలిసాడు. పేరెట్టి పిలిసాడు. నీకేటి తెలుసు?"

నాకేం తెలుసు. గాలి సంగతి తెలుసు. నిచ్చెన సంగతి తెలుసు. పేరు పెట్టి పిలిస్తే పైన నిలబడడం ఎలా ఉంటుందో ఎవర్నీ అడగలేదు. మునుపు ఆ ఇద్దరూ పోయిన రోజు పైన మిగిలినవాళ్ళు ఎవరూ నాతో మాట్లాడలేదు, ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది.

బతికించాననుకున్నాను. ఆ బతుకు అతను మోయలేకపోతున్నాడు. వచ్చేటప్పుడు సత్య గుమ్మం దాకా రాలేదు.

జూలై 11

ఎవరో పెద్దవాళ్ళు చూడడానికి వచ్చారు. మేనేజర్ చేతులు కట్టుకుని — "ఐసా పెహ్లే కభీ నహీ హువా సర్." ఇలా ముందెప్పుడూ జరగలేదట.

"హువా థా," అన్నాను. జరిగింది, అని. ఎవరూ నా వైపు తిరగలేదు.

తర్వాత గదిలోకి పిలిచాడు. "మేరే టైమ్ మే నహీ హువా, మేడమ్." నా హయాంలో జరగలేదు, అని. కోపంగా కాదు, అలసటగా. ఆయన అబద్ధమాడడం లేదు. ఆయనకి తెలియదు. ఆయన ముందువాడు చెప్పలేదు, వాడి ముందువాడు వాడికి చెప్పలేదు. ప్రతి మేనేజర్‌తోనూ ఫ్యాక్టరీ మళ్ళీ కొత్తగా పుడుతుంది. సంపు మాత్రం పాతదే.

ఇదంతా చదివి ఏం లాభమంటే ఒకప్పుడు నా దగ్గర ఎన్ని జవాబులుండేవి! ముందు జరిగింది తెలిస్తే రాబోయేది ఆపొచ్చు. ఎంత ధైర్యంగా అనేదాన్ని. నాకు తెలుసు. ఆగలేదు.

జూలై 14, సోమవారం

కొత్త బ్యాచ్. బటన్ నొక్కలేదు. తలుపు వేసి చెప్పాను. ముందు పోయిన ఇద్దరి గురించి. సింహాచలం గురించి. చేతులు చాచి నిలబడ్డ ఒక మనిషి గురించి, పేరు లేకుండా.

వెనకనుంచి ఒకడు — "తో దీదీ, జో ఖడా దేఖ్తా రహా, వో బచ్ గయా?" చూస్తూ నిలబడ్డవాడు బతికిపోయాడా, అని. గదంతా నవ్వు.

దిగడం సులువు. దిగడానికి ఒక్క క్షణం చాలు. నిలబడడానికి ఎంత బలం కావాలో ఎలా చెప్పడం? వాళ్ళింకా నవ్వుతూనే ఉన్నారు. బటన్ నొక్కాను.

జూలై 17

రమణ పని మానేశాడు. సత్య ఫోన్ ఎత్తడం లేదు.

జూలై 20, ఆదివారం

నూకరత్నం వచ్చింది. ఆటో దిగి, దారిలో ముగ్గుర్ని అడిగి గోవింద్‌పూర్‌లో నా ఇల్లు పట్టుకుంది. పాపని తీసుకురాలేదు. కుర్చీ వేస్తే వద్దని కిందే కూర్చుంది.

నన్ను తిట్టడానికే అనుకున్నాను.

"మా ఆయన తప్పేనంతన్నారు ఆపీసోళ్ళు. సెప్పకుండా దిగీసాడంట. ఒప్పేసుకోమంతన్నారు. ముందు కూడా అలాగే ఇద్దరు పోనారని నివ్వు అన్నావంట గదా అప్పా. నిజమేనా?"

"నిజమే."

అంతా చెప్పాను. ఎవరికీ ఇంత నెమ్మదిగా చెప్పలేదు. తల వంచుకుని వింది, అడ్డు రాలేదు. నా గంటలో అలా విన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

అయ్యాక అడిగింది. "ఆల్ల పెళ్ళాలేరీ?"

ముందు పోయిన ఆ ఇద్దరి భార్యల గురించి.

"ఆల్లకీ ఇలాగే సెప్పుంటారు గదా, మీ ఆయన తప్పేనని. ఒప్పీసుకున్నారేటి? ఒప్పుకోకుండా గొడవ సేసుంటే ఆ గొయ్యి అప్పుడే కప్పించుందురు గదా. ఎక్కడున్నారో సెప్పు, నానెల్లి అడుగుతాను."

తెలియదన్నాను. ఇద్దరి పేర్లు తెలుసు, ఊళ్ళు తెలుసు, ఏ మెట్టు దగ్గర పడ్డారో తెలుసు. ఆ ఆడవాళ్ళ గురించి ఒక్క ముక్క తెలియదు. ఏ ఇంట్లో ఉన్నారో, అసలు ఈ ఊళ్ళో ఉన్నారో లేదో. అడగాలని నాకు తట్టలేదు.

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది.

"రేపు నాలాటి ఇంకొకత్తి నీ కాడికొచ్చి, నూకరత్నం ఏటి సేసిందని అడుగుద్ది. ఏటి సెప్తావు?"

నువ్వేం చేస్తావు? అని అడిగాను. తెల్దు, అంది. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. ఒప్పుకుంటుందో లేదో...

ఆ ఇంకొకత్తి ఈపాటికి ఎక్కడో అన్నం వారుస్తూ ఉంటుంది. మొగుడికి కొత్తగా పని దొరికిందని పక్కింటావిడతో చెబుతూ.